సెక్షన్ 3 రిజిస్ట్రీ మీద సర్వే: కాంట్రాక్టర్లనీ, ఫండ్ తీసుకునే సంస్థలనీ సరిగ్గా అడగడం ఎలా

అమెరికాలో హౌసింగ్ శాఖ, అంటే అందరూ హడ్ అని పిలిచే శాఖ, కాంట్రాక్టర్ల జాబితా ఒకటి నడుపుతుంది. దాని పేరు సెక్షన్ 3 బిజినెస్ రిజిస్ట్రీ. అది నిజంగా ఎవరికైనా పనికొస్తోందా లేదా తేల్చమని ఎప్పుడో ఒకరోజు ఒక సర్వే మీ నెత్తిన పడొచ్చు. కన్సల్టింగ్ కంపెనీల్లో, కౌంటీ ఆఫీసుల్లో, డేటా టీముల్లో మనవాళ్లు తక్కువేం లేరు కదా. అలా పడితే మొదటి నుంచి చివరి దాకా ఎలా చేయాలో చెబుతాను. సర్వే అనగానే అందరూ ముందు ప్రశ్నలు రాయడం మొదలుపెడతారు. అది ఐదో మెట్టు.

ముందు రిజిస్ట్రీ ఏంటో అర్థం చేసుకోండి

1968 నాటి హౌసింగ్ అండ్ అర్బన్ డెవలప్‌మెంట్ చట్టంలో సెక్షన్ 3 అని ఒకటుంది. హడ్ డబ్బుతో ఇళ్లు కడుతున్నా, బాగుచేస్తున్నా, ఆ పనుల వల్ల పుట్టే ఉద్యోగాలూ కాంట్రాక్టులూ వీలైనంత వరకు అక్కడి తక్కువ ఆదాయం వాళ్లకీ, వాళ్లకి పనిచ్చే వ్యాపారాలకీ అందాలన్నది దాని సారం. 2020 సెప్టెంబర్‌లో కొత్త నిబంధనలు వచ్చాయి, ఆ ఏడాది నవంబర్ 30 నుంచి అమల్లో ఉన్నాయి. వాటి ప్రకారం సెక్షన్ 3 వ్యాపారం అనిపించుకోవడానికి మూడు దారులున్నాయి, ఏ ఒక్కటి కుదిరినా చాలు. తక్కువ ఆదాయం వాళ్ల చేతిలో కనీసం 51 శాతం యాజమాన్యం, అజమాయిషీ ఉండాలి. లేదా గడిచిన మూడు నెలల్లో ఆ వ్యాపారంలో జరిగిన పని గంటల్లో 75 శాతానికి పైగా సెక్షన్ 3 కార్మికులవే (ముఖ్యంగా తక్కువ ఆదాయం ఉన్న కార్మికులవే) అయ్యుండాలి. లేదా పబ్లిక్ హౌసింగ్‌లోనో (ప్రభుత్వ అద్దె ఇళ్లలోనో) సెక్షన్ 8 అనే ప్రభుత్వ అద్దె సాయంతో నడిచే ఇళ్లలోనో ఉండేవాళ్లకి కనీసం 51 శాతం యాజమాన్యం, అజమాయిషీ ఉండాలి.

ఇప్పుడు అసలు సంగతి. రిజిస్ట్రీలో పేరు చేర్చుకునేది వ్యాపారి తనంతట తానే. నేను అర్హుణ్ణి అని తనే ధ్రువీకరించుకుంటాడు, హడ్ దాన్ని సరిచూడదు. ఆ పని హడ్ డబ్బు తీసుకుని కాంట్రాక్టు ఇచ్చే సంస్థే చేసుకోవాలి. పేరున్నంత మాత్రాన కాంట్రాక్టు వస్తుందన్న హామీ కూడా లేదు. వ్యాపారి మాత్రం పేరు చేర్చి ఫోన్ ఎప్పుడు మోగుతుందా అని చూస్తుంటాడు, అవతల సంస్థవాళ్లు జాబితా తెరిచి ఇందులో ఎవర్ని నమ్మాలి అని ఆలోచిస్తుంటారు. మీ సర్వే కొలవాల్సింది ఈ రెండింటి మధ్య ఉన్న ఖాళీని. వెబ్‌సైటు బాగుందా, రంగులు బాగున్నాయా అన్నది చివర్లో ఒక్క ప్రశ్నతో సరిపెట్టొచ్చు.

ఇంకో మెలిక ఉంది, ఇది తెలియకుండా ప్రశ్నలు రాస్తే సగం వృథా. పాత నిబంధనల్లో కాంట్రాక్టు డబ్బుకి లక్ష్యాలుండేవి: నిర్మాణ కాంట్రాక్టుల విలువలో 10 శాతం, మిగతావాటిలో 3 శాతం సెక్షన్ 3 వ్యాపారాలకి వెళ్లాలని. కొత్తవాటిలో ఆ లెక్క పోయి పని గంటల లెక్క వచ్చింది. మొత్తం గంటల్లో 25 శాతం సెక్షన్ 3 కార్మికులవి, అందులో భాగంగా 5 శాతం టార్గెటెడ్ సెక్షన్ 3 కార్మికులవి (అంటే వాళ్లలోనే ఇంకా ప్రాధాన్యం ఇచ్చే గుంపువి) కావాలి. అయితే సెక్షన్ 3 వ్యాపారంలో పనిచేసే కార్మికులు ఈ టార్గెటెడ్ లెక్కలోకే వస్తారు. అంటే రిజిస్ట్రీలోంచి ఒక మంచి ప్లంబింగ్ కంపెనీని పట్టుకుంటే దాని గంటలు సంస్థకి నేరుగా కలిసొస్తాయి. ఈ విషయం సంస్థల్లో కాంట్రాక్టులు చూసేవాళ్లకి తెలుసా లేదా అన్నది సర్వేలో అడగదగ్గ మంచి ప్రశ్నల్లో ఒకటి.

1. ఏ నిర్ణయం కోసం అడుగుతున్నారో రాసిపెట్టుకోండి

ఒక కాగితం మీద నాలుగైదు వాక్యాలు చాలు. ఏడాదిగా అప్‌డేట్ చేయని పేర్లని జాబితాలోంచి తీసేయాలా? ఎవరో ఒకరు అర్హత సరిచూసే ఏర్పాటు పెట్టాలా? పనిని బట్టి, కౌంటీని బట్టి వెతికే వీలు మెరుగుపరచాలా? అసలు జాతీయ జాబితా అవసరమా, స్థానిక హౌసింగ్ అథారిటీల సొంత జాబితాలు సరిపోతాయా? ప్రతి ప్రశ్న పక్కనా ఈ నిర్ణయాల్లో దేనికి పనికొస్తుందో రాయండి. పక్కన ఏమీ రాయలేకపోతే ఆ ప్రశ్న కొట్టేయండి, అది మీ పై అధికారికి ఎంత ఇష్టమైన ప్రశ్న అయినా సరే. (చాలాసార్లు అదే అవుతుంది.)

2. పేపర్‌వర్క్ సంగతి తొందరగా తేల్చుకోండి

ఫెడరల్ ఏజెన్సీ తనే చేసినా, కాంట్రాక్టర్‌తో చేయించినా, పదిమందిని లేదా అంతకన్నా ఎక్కువమందిని ఒకే ప్రశ్నలు అడిగితే పేపర్‌వర్క్ రిడక్షన్ చట్టం వర్తిస్తుంది. ఫెడరల్ రిజిస్టర్‌లో, అంటే అక్కడి ప్రభుత్వ గెజిట్‌లో, 60 రోజుల నోటీసు వేయాలి, వచ్చిన అభిప్రాయాలకి సమాధానం సిద్ధం చేసుకోవాలి, తర్వాత 30 రోజుల నోటీసుతో పాటు వైట్‌హౌస్ బడ్జెట్ ఆఫీసుకి, అంటే ఓఎంబీకి, ఫైలు పంపాలి. అది ఆమోదం ఇచ్చి ఒక కంట్రోల్ నంబర్ ఇస్తుంది, అది గరిష్ఠంగా మూడేళ్లు చెల్లుతుంది. అన్నీ సవ్యంగా జరిగితే ఆరు నుంచి తొమ్మిది నెలలు వేసుకోండి. వచ్చే నెలలో సర్వే మొదలుపెడదాం అని ఎవరైనా అంటే ఈ పేరా చూపించండి.

ఫైలులో సపోర్టింగ్ స్టేట్‌మెంట్ రెండు భాగాలుంటుంది. మొదటిది ఎందుకు అడుగుతున్నారు, ఎంత భారం పడుతుంది అని. రెండోది శాంపిల్, గణాంక పద్ధతి. భారం అంటే సూటి లెక్కే: 900 మంది వ్యాపారులు తలా 15 నిమిషాలు వెచ్చిస్తే 225 గంటలు. ఇక్కడ సమయం తగ్గించి రాయాలనే ఆశ పుడుతుంది, వద్దు. పైలట్‌లో, అంటే ముందుగా కొద్దిమందితో చేసే పరీక్షలో, నిజంగా ఎంత పడితే అంత రాయండి.

కస్టమర్ సంతృప్తి సర్వేలకి జెనెరిక్ క్లియరెన్స్ అనే దగ్గరదారి ఉంది, త్వరగా అయిపోతుంది. కానీ అది లోపలి మెరుగుదలల కోసం. దేశం మొత్తానికి వర్తించే అంకెలు ప్రచురించి విధానం మార్చాలంటే దాని మీద ఆధారపడకండి. ఏదో ఒక నగరమో, హౌసింగ్ అథారిటీయో తన సొంత అవసరానికి తన కాంట్రాక్టర్లని అడుగుతుంటే ఈ చట్టం గొడవ లేదు, స్థానిక నిబంధనలు చూసుకుంటే చాలు.

3. ఎవరెవర్ని అడగాలో జాబితా కట్టండి

రెండు వేరు వేరు జాబితాలు కావాలి, రెండింటిదీ రెండు రకాల తలనొప్పి.

వ్యాపారుల వైపు రిజిస్ట్రీయే ఆధారం. దించుకున్న రోజే తేదీ వేసి ఒక కాపీ దాచేయండి, ఎందుకంటే జాబితా మారుతూ ఉంటుంది. తర్వాత శుభ్రం చేయడం. ఒకే కంపెనీ ఒకచోట ఎల్‌ఎల్‌సీ అని, ఇంకోచోట అది లేకుండా ఉంటుంది, ఫోన్ నంబర్ మాత్రం ఒకటే. ఒక ఈమెయిల్ కింద మూడు కంపెనీలుంటాయి, చూస్తే అది వాళ్లకి ఫారం నింపిపెట్టిన కన్సల్టెంట్‌ది. ఫోన్ కలిసిన చోట అవతల వేరే కుటుంబం ఉంటుంది. వీటిని చెత్త అనుకుని చెరిపేయకండి! ప్రతిదానికీ ఒక కోడ్ ఇచ్చి ఉంచండి. జాబితాలో వందకి ఎన్ని పేర్లకి అసలు ఫోన్ కలుస్తుంది అన్నదే, ఒక్క ప్రశ్న అడగకముందే, మీ సర్వే ఇచ్చే మొదటి ఫలితం. పై ఆఫీసులో అందరికీ గుర్తుండేది కూడా ఆ అంకే.

జాబితాలో లేనివాళ్లని కూడా కాస్త పట్టుకోవాలి. అర్హత ఉండీ ఎప్పుడూ చేరని వ్యాపారాలు స్థానిక హౌసింగ్ అథారిటీల సొంత జాబితాల్లో దొరుకుతాయి. వాళ్లని గణాంకంగా కాకపోయినా ఫోన్ ఇంటర్వ్యూలుగా చేయండి, ఎందుకు చేరలేదన్నది చేరినవాళ్లు చెప్పలేరు.

సంస్థల వైపు పబ్లిక్ హౌసింగ్ ఏజెన్సీలు (పైన హౌసింగ్ అథారిటీలు అన్నది వీటినే) సుమారు 3,300 ఉంటాయి. వాటికి తోడు ఇళ్లకీ, ఊరి అభివృద్ధికీ హడ్ ఇచ్చే సీడీబీజీ, హోమ్ లాంటి గ్రాంట్లు తీసుకునే నగరాలు, కౌంటీలు, రాష్ట్రాలు. ఒకే నగరం రెండు మూడు గ్రాంట్లతో రెండు మూడుసార్లు జాబితాలో కనిపిస్తుంది, పైగా ఒక్కో గ్రాంటు చూసే డిపార్ట్‌మెంట్ వేరు. ముందుగా తేల్చుకోండి: మీ లెక్కలో ఒక యూనిట్ అంటే నగరమా, గ్రాంటా? నా ఓటు నగరానికే, ఎందుకంటే కాంట్రాక్టులిచ్చే ప్రొక్యూర్‌మెంట్ డెస్క్ సాధారణంగా ఒకటే ఉంటుంది. ఉత్తరం డైరెక్టర్ పేరు మీద వెళ్లొచ్చు, కానీ జవాబివ్వాల్సింది సెక్షన్ 3 కోఆర్డినేటరో, ప్రొక్యూర్‌మెంట్ ఆఫీసరో అని అందులో స్పష్టంగా రాయండి.

ఎవరికి సెక్షన్ 3 నిజంగా వర్తిస్తుందో కూడా వడకట్టాలి. హౌసింగ్, కమ్యూనిటీ డెవలప్‌మెంట్ గ్రాంట్లలో ఒక ప్రాజెక్టుకి అందే హడ్ సాయం 2 లక్షల డాలర్లు దాటితేనే వర్తిస్తుంది, సీసం ప్రమాదాల నివారణ లాంటి కార్యక్రమాల్లో లక్ష డాలర్లు దాటితే. పబ్లిక్ హౌసింగ్ డబ్బుకి ఆ కనీస పరిమితి లేదు. 250 కన్నా తక్కువ పబ్లిక్ హౌసింగ్ యూనిట్లున్న చిన్న ఏజెన్సీలు పని గంటలు రిపోర్ట్ చేయనక్కర్లేదు, ఏమేం ప్రయత్నాలు చేశారో చెబితే చాలు. వాళ్లని పని గంటల ప్రశ్నలతో వేధించకండి, అక్కడ ఆ ఒక్క మనిషే అద్దె వసూలూ చూస్తాడు, బిడ్లూ చూస్తాడు.

4. శాంపిల్

దీని మీద ఎక్కువ చెప్పను. 1,000 మంది ఉన్న జాబితాకి 95 శాతం నమ్మకంతో ఐదు శాతం అటూ ఇటూ రావాలంటే 278 పూర్తి జవాబులు కావాలి. జాబితా 2,000 అయితే 322, ఎంత పెద్దదైనా 385 దగ్గర ఆగుతుంది. నలభై శాతం జవాబిస్తారనుకుంటే 278 కోసం 700 మందికి పంపాలి. సంస్థలని పరిమాణం బట్టి విడగొట్టి ఎంచుకోండి, లేకపోతే చిన్న ఏజెన్సీలే శాంపిల్ అంతా నిండిపోతాయి, పెద్ద నగరాలు రెండో మూడో తగులుతాయి.

అందరికీ ఈమెయిల్ కొట్టేద్దాం, ఖర్చేముంది అనే వాదన ప్రతి మీటింగ్‌లోనూ వస్తుంది. పదివేల మందికి పంపి ఎనిమిది శాతం జవాబులు తెచ్చుకోవడం కన్నా ఏడు వందల మందికి పంపి వెంటపడి సగానికి పైగా తెచ్చుకోవడం నయం. జవాబుల శాతం 80కి తగ్గితే, జవాబివ్వనివాళ్ల వల్ల ఫలితం ఎటు వాలిందో విశ్లేషించి చూపాలని ఓఎంబీ సర్వే ప్రమాణాలు చెబుతాయి. వ్యాపారుల సర్వేలో 80 దాటడం అరుదు కాబట్టి ఆ విశ్లేషణకి ముందే ఏర్పాటు చేసుకోండి.

5. ప్రశ్నలు

ఇక్కడ ఒకటే సూత్రం పట్టుకోండి: అభిప్రాయం కాదు, చివరిసారి ఏం జరిగిందో అడగండి.

“రిజిస్ట్రీ మీ వ్యాపారానికి ఎంతవరకు ఉపయోగపడింది?” అని అడిగితే కోపంగా ఉన్నవాడు అస్సలు లేదంటాడు, మర్యాదస్తుడు కొంతవరకు అంటాడు. రెండిటితోనూ మీరు చేయగలిగేది ఏమీ లేదు. దాన్ని ఇలా విడగొట్టండి. గత 12 నెలల్లో రిజిస్ట్రీలో మీ పేరు చూశామని చెప్పి ఎవరైనా మిమ్మల్ని సంప్రదించారా? సంప్రదిస్తే అది హౌసింగ్ ఏజెన్సీయా, నగరమా, మెయిన్ కాంట్రాక్టరా? మీరు బిడ్ వేశారా? వేయకపోతే ఎందుకు: బాండ్ (పని పూర్తి చేస్తామన్న హామీ పత్రం) దొరకలేదా, ఇన్సూరెన్స్ చాలలేదా, పని మరీ పెద్దదా, గడువు తక్కువా, దూరమా? వేస్తే వచ్చిందా? ఈ వరుస చూస్తే ఏ మెట్టు దగ్గర ఎంతమంది జారిపోతున్నారో కనిపిస్తుంది. చాలామంది బాండ్ దగ్గరే జారిపోతుంటే వెబ్‌సైటు ఎంత బాగుచేసినా లాభం లేదని అప్పుడు తెలుస్తుంది.

సంస్థలని “మీరు రిజిస్ట్రీ వాడతారా?” అని అడగకండి. అడిగేది డబ్బిచ్చే హడ్, జవాబు చెప్పేది డబ్బు తీసుకునేవాళ్లు, వాడతాం అనే అంటారు. అందుకు బదులు, మీరు చివరిగా ఇచ్చిన సెక్షన్ 3 కాంట్రాక్టుని గుర్తుచేసుకోండి అని మొదలుపెట్టి ఆ ఒక్కదాని గురించే అడగండి. ఏం పని, బిడ్ల కోసం ఎవరెవరికి కబురు పెట్టారు, ఆ పేర్లు ఎక్కడి నుంచి తెచ్చారు (సొంత జాబితా, రాష్ట్ర జాబితా, తెలిసినవాళ్లు, హడ్ రిజిస్ట్రీ), రిజిస్ట్రీ తెరిస్తే మీ ప్రాంతంలో ఆ పనికి ఎన్ని పేర్లొచ్చాయి, ఎంతమందికి ఫోన్ చేశారు, ఎంతమంది ఎత్తారు, అర్హత ఎలా సరిచూశారు. సబ్ కాంట్రాక్టర్లని వెతికేది మేం కాదు, మెయిన్ కాంట్రాక్టరే అనే జవాబుకి కూడా ఒక గడి పెట్టండి. అది గనక ఎక్కువగా వస్తే రిజిస్ట్రీని అసలు వాడాల్సింది మీరు సర్వే చేయని మూడో గుంపు అన్నమాట, వాళ్లతో కొన్ని ఇంటర్వ్యూలైనా చేయాలి.

రెండు ప్రశ్నావళుల్లోనూ అద్దంలో బొమ్మల్లా ఎదురెదురుగా ఉండే ప్రశ్నలు కొన్ని పెట్టండి. మేం ఫోన్ చేశాం, ఎవరూ ఎత్తలేదు అని సంస్థలంటాయి. మాకు ఎవరూ ఫోన్ చేయలేదు అని వ్యాపారులంటారు. ఇద్దరూ నిజమే చెబుతుండొచ్చు, ఫోన్ వెళ్లింది పాత నంబర్‌కి. పోల్చాలంటే రెండువైపులా కౌంటీ ఒకే తీరుగా రాయాలి, పని రకానికి ఒకే కోడ్ వాడాలి. నైక్స్ కోడ్లు, అంటే అమెరికా ప్రభుత్వం వ్యాపార రకాలకి ఇచ్చే నంబర్లు, తీసుకుంటే నయం: ఎలక్ట్రికల్ 238210, ప్లంబింగ్ 238220, పెయింటింగ్ 238320, రూఫింగ్ 238160. వ్యాపారిని కోడ్ అడగకండి, పని పేరు అడిగి కోడ్ మీరు వేసుకోండి.

ఇక సున్నితమైన చోటు. మీకు ఇప్పటికీ 51 శాతం యాజమాన్యం అర్హత ఉందా అని వ్యాపారిని అడిగారనుకోండి. పేరు చేర్చేటప్పుడు తనే ధ్రువీకరించిన మనిషి అది. లేదు అని రాస్తే తన మీద తనే సాక్ష్యం చెప్పినట్టు అవుతుందని భయపడతాడు, సర్వే మొత్తం వదిలేస్తాడు. పైగా లేదు అని రాసినవాళ్ల పేర్లు మీ చేతిలో ఉంటే వాటిని ఏం చేస్తారు? ఈ జవాబు ముందే లేకపోతే ఆ ప్రశ్న వద్దు. ఏ దారిలో అర్హత పొందారు, మళ్లీ కాగితాలు చూపమంటే ఎంత కష్టం అన్నవి అడిగితే కావాల్సింది చాలావరకు వచ్చేస్తుంది. ఇంకో జాగ్రత్త: జవాబులు గోప్యంగా ఉంచుతాం అని రాయాలంటే దానికి చట్టం అండ ఉండాలి. లేకపోతే మొత్తంగా కలిపి మాత్రమే ప్రచురిస్తాం అనే రాయండి.

6. తొమ్మిది మందితో పరీక్షించండి

తొమ్మిదే ఎందుకంటే పదికి తక్కువైతే ఓఎంబీ ఆమోదం అక్కర్లేదు. ఐదుగురు వ్యాపారులు, నలుగురు సంస్థలవాళ్లు. లింకు పంపి ఊరుకోకండి, పక్కన ఉండి, లేదా ఫోన్‌లో ఉండి, చదువుతూ ఏమనుకుంటున్నారో పైకి చెప్పమనండి. పెయింటింగ్ కాంట్రాక్టర్ అంటే ట్రక్కులో కూర్చుని ఒక చేత్తో ఫోన్ పట్టుకుని నింపే మనిషి. ఐదు వరుసలు ఐదు నిలువు గడుల పట్టిక ఆ తెరమీద సగమే కనిపిస్తుంది, మొదటి గడులన్నీ టకటకా నొక్కేస్తాడు. పోయిన మూడు నెలల్లో మీ పని గంటల్లో ఎంత శాతం అన్న ప్రశ్న దగ్గర ఏ కాగితమూ తీయడు, ఒక క్షణం ఆగి 80 అని కొడతాడు. ఎలా లెక్కేశారని అడగండి, నవ్వుతాడు. అందుకే శాతాలు అడగొద్దు, సగం కన్నా తక్కువ, సగం నుంచి మూడొంతులు, అంతకన్నా ఎక్కువ అని మూడు గడులివ్వండి. పట్టికలని విడి ప్రశ్నలుగా మార్చండి. స్పానిష్ ప్రతి కూడా ఇదే దశలో పరీక్షించాలి, చివర్లో అనువాదం చేయించి అంటించడం కాదు.

7. సర్వే బయటికి పంపడం

ప్రభుత్వ జాబితాల్లో పేరున్న చిన్న వ్యాపారులకి రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి అంటూ మోసపు ఈమెయిళ్లు తెగ వస్తుంటాయి, కాబట్టి మీదీ అలాంటిదే అనుకుంటారు. ముందుగా ఏజెన్సీ లెటర్‌హెడ్ మీద పోస్టులో ఒక ఉత్తరం వెళ్లాలి. అందులో ఓఎంబీ నంబర్, గడువు తేదీ, ఫోన్ చేసి నిజమో కాదో కనుక్కోవడానికి ఒక నంబర్, జవాబివ్వడం మీ ఇష్టం, ఇవ్వకపోతే జాబితాలో మీ పేరుకి ఏమీ కాదు అనే మాట ఉండాలి. తర్వాత ఈమెయిల్, వారానికో రిమైండర్, మూడోసారికి ఫోన్. కాంట్రాక్టర్లకి పొద్దున్నే, పనిలోకి దిగకముందు చేయండి, లేదా వానరోజు. ఎండాకాలం కట్టుబడి జోరుగా సాగే నెలల్లో మాత్రం మొదలుపెట్టకండి.

హౌసింగ్ ఏజెన్సీల ఆర్థిక సంవత్సరం అందరికీ ఒకేసారి ముగియదు: మార్చి, జూన్, సెప్టెంబర్, డిసెంబర్, ఈ నాలుగు నెలల్లో ఏదో ఒకదాని చివర్లో. ఎవరిది ఎప్పుడో చూసి, ఆ నెల తప్పించి పంపండి.

ప్రతి పేరుకీ చివరికి ఏమైందో కోడ్ వేయండి: పూర్తి చేశారు, సగంలో ఆపారు, వద్దన్నారు, ఈమెయిల్ తిరిగొచ్చింది, నంబర్ పనిచేయదు, వ్యాపారం మూసేశారు, ఏ సమాధానమూ లేదు. చివరి రెండూ ఒకటి కావు, కలిపేస్తే జవాబుల శాతం ఎవరికి నచ్చినట్టు వాళ్లు చెప్పుకోవచ్చు.

8. లెక్క తీయడం

రెండు గుంపులనీ కలిపి ఒక్క సగటు తీయకండి, దానికి అర్థం లేదు. శాంపిల్‌ని విడగొట్టి ఎంచుకుంటే వెయిట్లు వేయాలి, అంటే ప్రతి గుంపు జవాబులకీ జాబితాలో దాని వాటా మేరకే బరువు ఇవ్వాలి. జవాబిచ్చినవాళ్లనీ ఇవ్వనివాళ్లనీ జాబితాలో ముందే ఉన్న వివరాలతో పోల్చండి: ఏ రాష్ట్రం, ఏ పని, ఎప్పుడు చేరారు, ఎప్పుడు అప్‌డేట్ చేశారు. ఈమధ్యే అప్‌డేట్ చేసినవాళ్లే ఎక్కువగా జవాబిస్తారు, కాబట్టి రిజిస్ట్రీ ఉన్నదాని కన్నా ఆరోగ్యంగా కనిపిస్తుంది. ఆ మాట రిపోర్టు మొదటి పేజీలోనే రాయండి, అనుబంధంలో దాచొద్దు.

శాతం వేసిన ప్రతిచోటా ఎంతమందిలో అన్నది పక్కనే ఉండాలి. కాంట్రాక్టు వచ్చిందన్నవాళ్లు బిడ్ వేసినవాళ్లలో ఎంత శాతం, జాబితా మొత్తంలో ఎంత శాతం అన్నవి రెండు వేరు అంకెలు. మొదటిది చూపించి రిజిస్ట్రీ బ్రహ్మాండం అనొచ్చు, రెండోది చూపించి దండగ అనొచ్చు. రెండూ వేయండి. ఒక కౌంటీలో ఎలక్ట్రీషియన్ ఒక్కడే ఉంటే ఆ గడి ఖాళీగా వదిలేయండి, పేరు రాయకపోయినా అతనెవరో ఊరంతా కనిపెట్టేస్తుంది.

9. పేర్లు సరిచేసే పని వేరుగా పెట్టుకోండి

సర్వే చేస్తుండగానే మూతపడ్డ కంపెనీలు, మారిన నంబర్లు బోలెడు బయటపడతాయి. వాటిని నేరుగా రిజిస్ట్రీ టీమ్‌కి ఇచ్చేయాలనిపిస్తుంది, కానీ జవాబులు మొత్తంగా కలిపి మాత్రమే వాడతామని మీరు ఉత్తరంలో రాశారు. అందుకే ప్రశ్నావళి చివర్లో, వేరే పేజీలో, మీ కొత్త వివరాలు రిజిస్ట్రీకి పంపమంటారా అని అనుమతి అడగండి. అవునన్నవాళ్ల పేరు, ఫోన్, ఈమెయిల్ మాత్రం వేరే ఫైలులో పెట్టి, జవాబులతో కలవకుండా పంపండి. తిరిగొచ్చిన ఈమెయిళ్ల విషయంలో పేర్లు అక్కర్లేదు, ఏ ఏడాది చేరినవాళ్లలో ఎన్ని తిరిగొచ్చాయో లెక్క ఇస్తే ఎన్నేళ్లకి పేరు తీసేయాలో టీమ్ నిర్ణయించుకోగలదు.